అన్యాయము నెదిరించిన అక్షరము
(కోయంబత్తూరు, ఆర్.ఎస్. పురం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసి, ఉగాది పచ్చడి రుచి యింకను నాలుకపై నుండగానే ఫ్రెంచి సాహిత్యముమీద ప్రసంగమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. మన ఊరికి ఆ సాహిత్యముతో ఒక చుట్టరికమున్నది. దానిని కడపట మనవి చేసెదను.

రచయిత నిరపరాధి పక్షమున నిలిచి అధికారమును ప్రశ్నించుట ఫ్రాన్సులో పాత సంప్రదాయము. 1762లో తులూజు నగరమున కలాస్ అను ప్రొటెస్టెంటు వర్తకునికి మరణశిక్ష వేసిరి. కుమారుడు కాథలిక్కు మతమున చేరునని తలచి అతనిని చంపినాడని నేరము మోపిరి. వోల్టేరు సాక్ష్యములు సేకరించి, ఉత్తరములు వ్రాసి, 1763లో మతసహనముపై గ్రంథమే వెలువరించినాడు. 1765లో కలాస్ నిర్దోషియని తీర్పు వచ్చినది. పోయిన ప్రాణము తిరిగి రాలేదు. కాని ఆ కుటుంబమునకు మచ్చ తొలగినది.

1894లో డ్రైఫస్ అను యూదు సైనికాధికారిని దేశద్రోహియని శిక్షించి ద్వీపాంతరము పంపిరి. 1898 జనవరి 13న ఎమిలీ జోలా దేశాధ్యక్షునికి బహిరంగ లేఖ వ్రాసి, దోషులను పేరుపేరున నిలదీసినాడు. ఫలితముగా తనకే జైలుశిక్ష పడగా ఇంగ్లండుకు తరలిపోవలసి వచ్చినది. 1906లో డ్రైఫస్ నిర్దోషియని తేలినది. ఆ తీర్పు వినుటకు జోలా లేడు, 1902లోనే కన్నుమూసినాడు.

సాహిత్యము రసము కొరకు గాని రచ్చ కొరకా అని పెద్దలు కొందరందురు. న్యాయమైన ప్రశ్నయే. కాని మన భాషలో వీరేశలింగం పంతులుగారు కలముతో వాదించి ఊరకుండలేదు. 1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించి చూపినారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని ప్రభుత్వము నిషేధించినది. మన దక్షిణదేశపు ముచ్చటయే వినుడు: తంజావూరి ముద్దుపళని కావ్యమును బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ప్రకటింపగా దానినీ నిషేధించిరి. టంగుటూరి ప్రకాశంగారు మదరాసు ప్రభుత్వమును నడపిన 1946–47 కాలమున గాని ఆ సంకెల తెగలేదు. స్త్రీ వ్రాసిన కావ్యమును స్త్రీయే కాపాడినది.

ఇక మన చుట్టరికము. విక్టర్ హ్యూగో 1851లో రాజ్యాపహరణము నెదిరించి పంతొమ్మిదేండ్లు ప్రవాసమున గడపినాడు. రొట్టె దొంగిలించి ఖైదీయైన పేదవాని కథను ఆ ప్రవాసముననే ముగించి 1862లో ప్రచురించినాడు. ఆ కథ శుద్ధానంద భారతిగారి చేతిలో తమిళమైనది. మన కోయంబత్తూరు పక్షిరాజా సంస్థవారు, శ్రీరాములునాయుడుగారి ఆధ్వర్యమున, 1950లో దానిని తమిళమున ‘ఏళై పడుం పాడు’ అనియు, తెలుగున ‘బీదలపాట్లు’ అనియు తెరకెక్కించిరి. రెంటను నాయకుడు మన చిత్తూరు నాగయ్యగారే. పోలీసు అధికారి పాత్ర ధరించిన సీతారామన్‌గారికి ‘జావర్’ అను ఆ ఫ్రెంచి పేరే ఇంటిపేరై నిలిచినది!

పరదేశపు ప్రవాసి ఆవేదన మన ఊరికి వచ్చి మన భాషలో పలికినదన్నమాట. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు మాట్లాడు మనకిది పరాయి సంగతి కాదు. అయితే మన పిల్లలలో పెక్కుమందికి తెలుగు మాట వచ్చును గాని అక్షరము రాదు. అక్షరము రానివానికి వీరేశలింగమును, నాగరత్నమ్మయు వట్టి పేర్లే. ఈ యేడు ప్రతి యింట వారమునకొక్క సాయంకాలమైన ఒక తెలుగు పుస్తకము పైకి చదువుడు. ఇందులో అన్యాయమెవరికి జరిగినది, ఎవరు అడ్డుపడిరి అని పిల్లలనడుగుడు. వారు చెప్పు జవాబు మీరును శ్రద్ధగా వినుడు.