ఆ ఎర్ర కండను గీకకండి



మొన్న రాత్రి తరగతికి ఒక అత్త కుంటుకుంటూ వచ్చింది. కోతల్లో కొడవలి తగిలి కాలు తెగిందట. ఆరు రోజులైంది. కట్టు విప్పి చూశాం. గాయం అడుగున ఎర్రగా, తడిగా, రవ్వ పోసినట్టు కండ ఉంది. తాకితే రక్తం ఊరుతోంది. "ఇది చెడు కండ, గీకేస్తా" అంది అత్త. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

అది చెడు కండ కాదు. కొత్త కండ. దాని నిండా కొత్త రక్తనాళాలు, వెంట్రుక కన్నా సన్నవి. ఎవరు పిలిస్తే వచ్చాయి అవి?

ఇల్లు ఇటుకలతో కట్టినట్టు మన ఒళ్లు కణాలతో కట్టి ఉంటుంది. వాటిలో కొన్ని కాపలా కణాలు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త వీటి పని చూశాడు. సముద్రంలో ఉండే నక్షత్రచేప పిల్లకి ముల్లు గుచ్చాడు. మర్నాటికి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. మన కాల్లో ముల్లు దిగినా అంతే. కాపలా కణాలు వచ్చి సూక్ష్మజీవుల్ని, చచ్చిన కండని తినేస్తాయి.

తినడంతో వాటి పని అయిపోదు. తెగిన చోట కండకి ప్రాణవాయువు అందదు. అప్పుడా కణాలు పక్కనున్న రక్తనాళానికి కబురు పంపుతాయి. ఆ కబురు మాట కాదు, ఒక రసాయనం. అలాంటి వాటిలో ముఖ్యమైన ఒకదానికి 1989లో వి.ఇ.జి.ఎఫ్. అని పేరు పెట్టారు. పేరు గుర్తు లేకపోయినా పరవాలేదు. నాకూ మూడుసార్లు చదివితే గానీ పట్టుబడలేదు. కబురు అందగానే పాత నాళం చిగురు వేస్తుంది. సొరతీగ పందిరి వైపు పాకినట్టు, కబురు వచ్చిన వైపే పాకుతుంది. గాయం పూడాక "ఇక చాలు" అనే కబుర్లూ ఉన్నాయి. అప్పుడు అక్కర్లేని నాళాలు ఎండిపోతాయి. మచ్చ ఎరుపు తగ్గేది అందుకే.

చక్కెర జబ్బు, అదే షుగరు ఉంటే ఈ కబుర్లు తారుమారవుతాయి. గాయం వాపు దగ్గరే ఆగిపోతుంది. చిగుళ్లు సరిగా రావు. పుండు మానదు. చిత్రమేమిటంటే, అదే జబ్బులో కంటి లోపల అక్కర్లేని నాళాలు మొలిచి చూపు పోవచ్చు.

మా అమ్మ కాలికి బొబ్బ లేచింది. షుగరుతో తిమ్మిరెక్కిన కాలు, నొప్పి తెలియలేదు. నెల రోజులు ఆకుపసరు, బూడిద పెట్టాం. చివరికి రెండు వేళ్లు తీసేశారు. అప్పటికే నేను టీచరు ట్రైనింగు పాసయ్యాను. ఏం లాభం?

అత్త గాయాన్ని కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి, ఉతికి ఆరేసిన గుడ్డ కట్టాం. ధనుర్వాతం సూది వేయించుకుందట. చీము, వాసన, జ్వరం వచ్చినా, రెండు వారాల్లో పూడకపోయినా ఆసుపత్రికి పోవాలి. షుగరు పరీక్ష అత్త ఇంతవరకూ చేయించుకోలేదు. సోమవారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం. ఇంకెవరైనా వస్తే ఉదయం 8 గంటలకి బడి దగ్గర ఉండండి.