మందుచీటీలో మనుషులు

(అల్లూరి సీతారామరాజు స్మారకోపన్యాసం, కొయ్యూరు)

1924 మే 7న ఇదే కొయ్యూరులో తుపాకి గుండుకు బలైన సీతారామరాజు ఈ మన్యానికి వచ్చింది తుపాకి పట్టుకుని కాదు. మూలికల వైద్యం, జ్యోతిషం తెలిసిన మనిషిగా వచ్చాడు. సారా మానమన్నాడు. తగాదాలు కోర్టుకెక్కించకుండా ఊరి పంచాయతీలోనే తీర్చుకోమన్నాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై జరిగిన దాడుల గురించి ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. ఆ వైద్యుడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అందుకే ఈసారి ఉపన్యాసం ఒక వైద్యం చరిత్ర మీద.

రోగికి మాత్రలతో పాటు మనుషుల తోడును కూడా రాసివ్వడాన్ని సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటున్నారు. దీని మూలాలు వెతికితే లండన్‌లోని పెకమ్ తగులుతుంది. 1926లో జార్జ్ స్కాట్ విలియమ్సన్, ఇన్నెస్ పియర్స్ అనే ఇద్దరు డాక్టర్లు అక్కడ ఆరోగ్య కేంద్రం తెరిచారు. 1935లో కొత్త భవనం కట్టి, దాని నడిబొడ్డున ఈతకొలను పెట్టారు. కుటుంబానికి వారానికి ఒక షిల్లింగ్ చందా. పరీక్షలూ అక్కడే, ఆటలూ అక్కడే. జబ్బు పడ్డాకే మనిషిని పట్టించుకునే కొత్త ప్రభుత్వ వైద్యంలో దానికి చోటు దొరక్క 1950లో మూతపడింది.

అదే నగరంలో, బ్రోమ్లీ బై బో అనే పేదల పేటలో, 1984లో పాస్టర్ ఆండ్రూ మాసన్ పాడుబడుతున్న చర్చిని ఇరుగుపొరుగుకు అప్పగించాడు. తర్వాత అక్కడికే డాక్టర్లు వచ్చి చేరారు. 2018 జనవరిలో బ్రిటన్ ఒంటరితనం చూసుకోవడానికి ఒక మంత్రినే నియమించింది. 2019 నుంచి డాక్టరుకూ ఊరికీ మధ్య తిరిగే ‘లింక్ వర్కర్ల’కు జాతీయ ఆరోగ్య సేవలే జీతమిస్తున్నాయి. వీళ్లు ముసలివాళ్ల దగ్గర తీరిగ్గా కూర్చుని, వాళ్లకు ఏది ఇష్టమో కనుక్కుని, తోట పనికో పాటల బృందానికో మొదటిరోజు వెంటబెట్టుకుని వెళతారు.

ఇది సర్వరోగ నివారిణి అని నమ్మడం తొందరపాటు. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన సమీక్ష 15 అధ్యయనాలను జల్లెడపట్టి, రుజువు ఇంకా బలహీనమేనని తేల్చింది. కానీ ఒంటరితనం బరువు మాత్రం కాదనలేనిది. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దాన్ని అనుభవిస్తున్నారని చెప్పింది.

మన్యానికి లండన్ కన్నా హరారే దగ్గర. జింబాబ్వేలో అప్పట్లో సైకియాట్రిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అందుకని డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో 14 మంది అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. దిగులుతో వచ్చినవాళ్ల మాట వినడం వాళ్ల పని. ఆ పద్ధతి పనిచేస్తుందని 2016లో జామా పత్రిక అచ్చువేసిన పరీక్ష చూపింది. ఇక్కడ ముసలివాళ్లు మందు పుచ్చుకునేవాళ్లు కాదు, మందు ఇచ్చేవాళ్లు. ఈ తిరగేసిన లెక్కే అన్నిటికన్నా విలువైనది.

కొండల్లో ఒంటరితనమా, అని పట్నం మనిషి నవ్వొచ్చు. మనవలు ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉంటారు, కొడుకులు పనుల కోసం దిగువకు పోతారు. పోడు ఎక్కలేని అవ్వ, సంతకు నడవలేని తాత గుమ్మంలో మిగులుతారు. 2020 ఫిబ్రవరిలో పింఛను ఇంటి గుమ్మంలోకి వచ్చింది. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది, సచివాలయ ఉద్యోగులే తెచ్చి ఇస్తున్నారు. నడక తప్పింది, మంచిదే. నెలకోసారి క్యూలో కలిసే ఈడువాళ్లు కూడా తప్పిపోయారు. ఆ నష్టం ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

హైదరాబాద్‌లో 2017లో మొలకెత్తిన వృద్ధుల సహాయవాణి ఎల్డర్‌లైన్ 2021 అక్టోబరు 1న 14567 నంబరుతో దేశమంతటికీ అందింది. సిగ్నల్ లేని గూడెంలో ఆ నంబరు ఎవరికి మోగుతుంది?

మనుషుల తోడును ఇక్కడ రాసివ్వడానికి కొత్త ఉద్యోగాలు సృష్టించనక్కర్లేదు. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశా కార్యకర్తను ఊరూరా నిలబెట్టింది. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పథకం వైద్యుణ్ణి నెలకు రెండుసార్లు పల్లెకు పంపే పద్ధతి పెట్టింది. బీపీ చూసే ఆ చేతులకు ఇంకొక అధికారం ఇస్తే చాలు. ఈ అవ్వను వారానికోసారి సంతకు తీసుకెళ్లాలనీ, ఈ తాత హాస్టల్ పిల్లలకు విత్తనాల సంగతి చెప్పాలనీ చీటీలో రాసే అధికారం. దారి ఖర్చుకు కాస్త డబ్బు, ఆశాకు ఆ పనికి వేరే పారితోషికం కూడా ఉండాలి, ఊరికే చేయమంటే జరగదు. జిల్లా వైద్యాధికారులు, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పెద్దలు ముందుగా ఒక్క కొయ్యూరు మండలంలో ఏడాదిపాటు దీన్ని నడిపి, ఫలితం ఏదైనా సరే అచ్చువేయాలని ఈ సభ తరఫున మనవి.