వర్ణభ్రమ

(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



వర్ణమను పదమునకు రంగనియు, అక్షరమనియుఁ గూడ నర్థములు గలవు. ముప్పదియైదేండ్లు బడిలో అక్షరవర్ణములు దిద్దించితిని. నేఁడు మేనివర్ణమును గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

గతసంవత్సరము మా తమ్ముని కుమార్తె వివాహమునకై మన సంఘమువారి వధూవర పరిచయపత్రమును నేనే పూరించితిని. అందు 'మేనిచాయ' యను గడి యొకటి గలదు. బిడ్డ చామనచాయది. నేను 'తెలుపు' అని వ్రాసితిని. ఆమె చదివి, "పెదనాన్నగారూ, అక్షరము తప్పినచో మాచేఁ బదిమార్లు వ్రాయించెడివారు గదా! ఈ తప్పును దిద్దరా?" యని యడిగెను. నాకు నోట మాట రాలేదు.

ద్రౌపది మేను నల్లనిది. కావుననే యామెకుఁ గృష్ణ యను పేరు గలిగెను. ఆమె స్వయంవరమునకు నానాదేశముల రాజులు వచ్చిరి. నీలమేఘశ్యాముని గుడిలోఁ గొలిచెడి మనము, శ్యామవర్ణ యగు కోడలిని గడపకడ నిలిపివేయుట యేమి న్యాయము?

ఈ భ్రమ పాతదే. దానిని బేరముగా మార్చినవి ప్రకటనలు. 1975లో హిందూస్థాన్ లీవరు కంపెనీవారు 'ఫెయిర్ అండ్ లవ్లీ' యను లేపనమును విపణికిఁ దెచ్చిరి. పిదప టెలివిజన్‌లో మనము చూచిన కథ యొక్కటే: నల్లని పిల్లకు ఉద్యోగము లేదు, వరుఁడు లేఁడు, లేపనము పూసికొన్నంతనే అన్నియు లభించెను! 2014లో ప్రకటనల ప్రమాణమండలివారు, నల్లనివారిని వివాహోద్యోగములందుఁ దక్కువవారినిగాఁ జూపరాదని నియమించిరి. 2020లో ఆ లేపనము పేరు 'గ్లో అండ్ లవ్లీ' యయ్యెను. పేరు మాఱినది, మన పత్రములోని గడి మాఱలేదు.

తెరమీఁది బొమ్మ చేయు కీడు రంగుతో ముగియదు. ఫిజీద్వీపములలో నిండైన మేనినే యందమని యెంచెడివారు. అందలి నద్రోగా ప్రాంతమునకు 1995లో టెలివిజన్ వచ్చెను. ఆన్ బెకర్ అను విదుషి యచటి పాఠశాలబాలికలను విచారింపఁగా, సన్నఁబడుటకై తిన్న యన్నమును గ్రక్కువారు 1995లో నొక్కరును లేరు. 1998 నాఁటికి నూటికిఁ బదునొకండుగురైరి.

మన బాలికలలోఁ గొందఱు తెల్లఁబడుటకై వైద్యుని యడుగకయే స్టిరాయిడు లేపనములు పూసికొనుచున్నారు. వానిచేఁ జర్మము పలుచనగును, మొటిమలు లేచును, మానినచో మంట హెచ్చును. నలుపునిచ్చు మెలనిన్ ఎండనుండి మేనిని గాచు సహజకవచము. దానికై సిగ్గుపడుమని బిడ్డకు నేర్పినవారెవరు? ప్రకటనలు మాత్రమే కాదు. పెండ్లిచూపులలో మనము, పత్రమున నేను.

వివాహములు కుదుర్చుటయే వ్యాపారముగాఁ గల షాదీ.కామ్ వారు 2020లో రంగునుబట్టి వెదకు సాధనమును దొలఁగించిరి. ధర్మమునకై వెలసిన మన సంఘము వారికంటె వెనుకఁబడరాదు. రాఁబోవు పరిచయపత్రమున 'మేనిచాయ' గడి యుండరాదని యీ మహాసభ తీర్మానింపవలెనని నా ప్రార్థన. పోషకులు తమ కుమారుల సంబంధములందు ఆ ప్రశ్నను మానినఁగాని తీర్మానము కాగితముమీఁదనే నిలిచిపోవును.

మా బిడ్డ పత్రమును దిద్దితిని. 'తెలుపు' కొట్టివేసి వేఱొక రంగు వ్రాయలేదు; ఆ గడినే కొట్టివేసితిని. ఆమె చూచి నవ్వెను. ముప్పదియైదేండ్లు తప్పులు దిద్దినవాని తప్పును దిద్దిన గురువు ఆమెయే.

స్వస్తి.