బ్లాకు భద్రం

ఈ ఎండల్లో శాలువా కప్పారు. ఫొటోలు అయ్యేదాకా తీయకూడదు కాబట్టి ఉంచుకున్నాను.

ఆహ్వాన పత్రంలో నా పేరు కింద మూడు అంశాలు వేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను తొలిదశలో కోసి తీసేశాక జన్యు పరీక్ష ఎవరికి చేయాలి, ఏ జన్యువులు చూడాలి, ఏ మందు ఇవ్వాలి. కణితి మొత్తం తీసేసినా కొందరికి తిరగబెడుతుందని మీకు తెలుసు. ఆపరేషన్ తరవాత సిస్‌ప్లాటిన్ కీమో ఇస్తే ఐదేళ్లకు అదనంగా బతికేది వందలో సుమారు ఐదుగురే. అలాంటి చోటికి అడౌరా అధ్యయనం వచ్చింది. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పున్న 682 మందిని తీసుకుని, కొందరికి ఓసిమెర్టినిబ్ రోజుకో మాత్ర చొప్పున మూడేళ్లు, మిగతావారికి మందులేని మాత్ర ఇచ్చారు. ఐదేళ్లకు మందు వేసుకున్నవారిలో 88 శాతం, రెండో గుంపులో 78 శాతం బతికున్నారు. ఏఎల్‌కే మార్పుంటే అలెక్టినిబ్, రెండేళ్లు. మందుల సంగతి ఇక్కడున్న ఆంకాలజిస్టులు నాకన్నా బాగా చెబుతారు. నేను పెథాలజిస్టును, నా ప్రాణమంతా కణితి ముక్కను భద్రపరిచే మైనపు బ్లాకులోనే ఉంటుంది.

ఒక పంతులమ్మగారు. జన్మలో పొగ తాగలేదు. రెండో దశలో ఆపరేషన్ అయింది. పరీక్షకని వాళ్లబ్బాయి బ్లాకు పట్టుకుని మే నెలలో కారులో బయలుదేరాడు. దాన్ని డ్యాష్‌బోర్డు మీద పెట్టి దారిలో భోజనానికి ఆగాడు. నా దగ్గరికి వచ్చేసరికి మైనం కరిగి కవరుకు అంటుకుపోయింది. అబ్బాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "కణజాలం ఎక్కడికీ పోలేదు నాయనా, కూర్చో" అని మంచినీళ్లిచ్చాను. మా టెక్నీషియన్ ఆ ముక్కను ఓపిగ్గా ఏరి మళ్లీ మైనంలో పొదిగాడు. ఈజీఎఫ్ఆర్ ఎగ్జాన్ 19లో లోపం దొరికింది. అప్పుడు ఆ అబ్బాయి అడిగిందొక్కటే: "ఇది నా పిల్లలకు కూడా వస్తుందాండీ?" రాదయ్యా, ఇది కణితిలో పుట్టిన మార్పు, వంశంలో దిగేది కాదని చెప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంట ఇప్పుడెవరికీ ఉండటం లేదు.

కరిగిన మైనాన్నైనా బాగు చేస్తాం గానీ, ఫార్మలిన్‌లో వారాల తరబడి మరిచిపోయిన ముక్కను ఏం చేస్తాం? డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోతుంది. ఆరు గంటలకు తగ్గకుండా, మూడు రోజులు దాటకుండా ఉంచమని మా రోజుల్లో గోడ మీద రాసి పెట్టేవాళ్లం. ఇప్పటి పిల్లలు ఫోనులో పీడీఎఫ్ చూస్తారు, స్లైడు చూడరు. కణితి ఎంత ఉందో చూడకుండా పంపితే మంచి కణాలనే చదివి 'మార్పు లేదు' అంటుంది యంత్రం. అది యంత్రం తప్పా?

వెనక టీ కప్పుల చప్పుడు వినిపిస్తోంది, అర్థమైంది. ఏ జన్యువులన్నది మందులతో పాటే చెప్పేశాను. ఇక ఎవరికి అన్న అంశం మిగిలింది: 1బి నుంచి 3ఎ దశ దాకా ఆపరేషన్ అయిన అడినోకార్సినోమా రోగులందరికీ, పొగ తాగినా తాగకపోయినా. ఇమ్యునోథెరపీ మొదలెట్టకముందే రిపోర్టు చేతిలో ఉండాలి. సర్జన్లకు ఒక్క మనవి. డిశ్చార్జి కాగితం మీద బ్లాకు నంబరు రాయండి. డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దని కూడా మీరే చెప్పండి.