ఓడలు రాని రేవుకి ఒక ఆదివారం

ఆదివారం పూట ఆటోనగర్ ఎలా ఉంటుందో గాజువాక వాళ్లకి చెప్పక్కర్లేదు. లేత్ మిషన్లు మూగబోతాయి, షట్టర్లు దిగిపోతాయి. వారమంతా లారీల కింద పడుకుని పనిచేసినవాళ్లు ఆ ఒక్కరోజూ పిల్లల్ని తీసుకుని ఎటైనా పోదామనుకుంటే ముందు గుర్తొచ్చేది రామకృష్ణా బీచ్. తీరా వెళ్తే అక్కడ కాలు పెట్టే చోటుండదు. అక్కడ ఆగొద్దు, బీచ్ రోడ్డు పట్టుకుని ఒకప్పటి రేవు భీమిలి దాకా వెళ్లండి. సొంత బండి లేకపోతే ఆ దారిన 900కె బస్సు తిరుగుతుంది.

భీమిలికి మాత్రం పొద్దున్నే చేరాలి. రాత్రి వేటకెళ్లిన పడవలు ఒడ్డుకొచ్చే వేళకి అక్కడుంటే కవళ్లు, కోనాం, పీతలు ఇసుక మీదే బేరమవుతుంటాయి. తెప్పల కాలం దాదాపు పోయింది, ఇప్పుడన్నీ ఫైబర్ పడవలే, వెనక ఇంజన్లు. మన ఆటోనగర్ మెకానిక్కులు చేపల కన్నా ముందు ఆ ఇంజన్లనే చూస్తారని నా అనుమానం.

అరకు కొండల వైపు బొర్రా గుహల్ని తొలిచిన గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ నదీముఖం చూసే 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ కోఠీ పెట్టుకున్నారు. బట్టలు, బియ్యం కొని ఓడలకెక్కించారు. వాళ్ల సమాధులు ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. సూదిగా పైకి లేచిన గోపురాల్లాంటి కట్టడాలవి, రాళ్ల మీద డచ్చి అక్షరాలు. ఎక్కడో హాలెండులో పుట్టి ఈ ఉప్పుగాలిలో జ్వరాలతో పోయినవాళ్లు ఎందరో! 1824 నాటి ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. ఇప్పుడది మహావిశాఖలో ఒక భాగం.

రేవు అన్నాను గదా అని పెద్ద పెద్ద క్రేన్లు ఊహించుకోకండి. ఓడలు దూరంగా లోతు నీళ్లలో లంగరేసుకుని నిలబడేవి. సరుకంతా పడవల్లోనే అటూ ఇటూ చేరవేసేవాళ్లు. ఈ తీరమంతటా అందుకు వాడిన మసూలా పడవలకి మేకులుండేవి కావు, చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. కెరటం కొట్టినప్పుడు మేకు కొట్టిన పడవైతే విరుగుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి తట్టుకుంటుంది. పనిముట్లు తెలిసినవాళ్లకి ఆ తెలివి వెంటనే అర్థమవుతుంది.

మరి రేవు ఎందుకు పోయింది? 1890లలో వచ్చిన రైలు విజయనగరం మీదుగా వాల్తేరుకి వెళ్లిపోయింది, భీమిలి పక్కన పడిపోయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. దాన్ని కట్టేటప్పుడు కెరటాలకి అడ్డుగా రెండు పాత ఓడల్ని ముంచేశారు, తుక్కుని అంతకన్నా బాగా వాడినవాళ్లు ఆటోనగర్లో కూడా ఉండరేమో. హార్బరు రాకపోవడం అప్పట్లో భీమిలికి నష్టమే. కానీ హార్బరు వచ్చుంటే మనం ఈరోజు అక్కడ చెప్పుల్లేకుండా నడవలేకపోయేవాళ్లం. అందుకే ఆ నష్టానికి నేను పెద్దగా బాధపడను.

ఎండ ముదరకముందే ఊరి పక్కనున్న పావురాళ్లకొండ ఎక్కండి. పైన బౌద్ధ విహారాల శిథిలాలు, వాననీళ్లు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. భిక్షువులు ఆ నీళ్లతోనే గడుపుకున్నారు. మీరు మాత్రం సీసాతో వెళ్లండి. పైనుంచి చూస్తే నది, సముద్రం, ఊరు ఒక్క చూపులో కనిపిస్తాయి.

తిరుగుదారిలో ఎర్రమట్టి దిబ్బలొస్తాయి. వేల ఏళ్లుగా గాలి పోగేసిన ఇసుక, ఇనుము తుప్పుతో ఎర్రబడింది. వాగులు కోసిన సందుల్లో నడవొచ్చు గానీ గట్ల అంచులెక్కకండి, మట్టి వదులు, జారిపోతుంది.

ఇక నీళ్లలో దిగే సంగతి. మంగమారిపేట దగ్గర స్కూబా డైవింగ్ నేర్పేవాళ్లున్నారు. ఈత రాకపోయినా శిక్షకుడు పక్కనుండి దింపుతాడు. వానలప్పుడు నీళ్లు మడ్డిగా ఉంటాయి, చలికాలం మేలు. ఇంకాస్త ఇవతల రుషికొండ, 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన తీరం. స్పీడు బోట్లు, సర్ఫింగ్ పలకలు అక్కడ దొరుకుతాయి. లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కొద్దు, ఎంత చవకైనా సరే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన సముద్రం ఒడ్డునే లోతు. రెండు వైపులా కెరటాలు విరుగుతూ మధ్యలో ఒక చోట నీళ్లు నిశ్చలంగా కనిపిస్తే పిల్లలు అక్కడే దిగుతారు. విరిగిన నీరంతా తిరిగి లోపలికి వెళ్లే దారి అదే. అందులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకండి, తీరం వెంబడి పక్కకి ఈదండి, కొంత దూరం దాటితే లాగుడు తగ్గుతుంది. గోస్తనీ మొగ దగ్గర అసలు దిగొద్దు. అక్కడ ఇసుక మేట రోజుకో చోటికి మారుతుంది. ఎక్కడ దిగొచ్చో వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని ఎవర్నైనా, బాబాయ్ అని పిలిచి అడగండి. కాదంటే వినండి, పోయి బజ్జీలు తినండి.