కరెంటు పెట్టించుకోవాలా, వద్దా?

(అచ్చంపేట సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రొమ్ము క్యాన్సరు గురించి నలుగురిలో మాట్లాడడానికి మన ఆడవాళ్ళం సిగ్గుపడతాం. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఇదీ ఒక పాఠమే అనుకుని నిలబడ్డాను.

68వ ఏట నాకు హైదరాబాదులో ఆపరేషన్ అయింది. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ మాత్రమే తీశారు. గడ్డ 2 సెంటీమీటర్ల లోపే. చంకలోని గ్రంథులకు పాకలేదు. హార్మోను మాత్రలకు లొంగే రకం. "అమ్మా, మాత్రలు వాడాలి. రేడియేషన్ తీసుకోవచ్చు, మానవచ్చు. నిర్ణయం మీది" అన్నారు డాక్టరుగారు. మా అబ్బాయి తీసుకోవలసిందే అన్నాడు. మా చెల్లెలు "ఈ వయసుల కరెంటు ఎందుకక్కా, ఒళ్ళు కాలిపోతది" అన్నది.

నేను లెక్క అడిగాను. 65 దాటిన నాలాంటి వారిపై బ్రిటన్ వైద్యులు జరిపిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అందరూ మాత్రలు వాడినవారే. పదేళ్ళలో, రేడియేషన్ తీసుకోనివారిలో నూటికి సుమారు 10 మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది. తీసుకున్నవారిలో ఒక్కరికి. బతికి ఉన్నవారు మాత్రం రెండు వైపులా నూటికి 81 మందే.

తిరగబెడితే మళ్ళీ ఆపరేషన్. ఇప్పుడైతే 15 సిట్టింగులు, మూడు వారాలు. ఇక్కడినుండి రోజూ నూరు కిలోమీటర్లకు పైగా పోయి రావడం అయ్యే పని కాదు. అక్కడ మా అమ్మాయి ఇల్లుంది కనుక సరేనన్నాను. ఆ వసతి లేనివారు నా స్థితిలో మాత్రలతో సరిపెట్టుకున్నా తప్పు లేదు.

బల్లమీద కొద్ది నిమిషాలు పడుకోవడమే, నొప్పి లేదు. చర్మం నల్లబడింది, కొన్ని వారాలు నీరసంగా ఉండింది. కిరణాలు ఒంట్లో మిగలవు. సాయంత్రం మనుమరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

అయితే నన్ను చూసి ఎవరూ మానుకోవద్దు. వయసు తక్కువైనా, గ్రంథులకు పాకినా, జబ్బు రకం వేరైనా లెక్క మారుతుంది. అప్పుడు ఈ వైద్యం ప్రాణానికే కాపు కావచ్చు. రొమ్ము మొత్తం తీసినవారికి సైతం కొందరికి అవసరపడుతుంది. ఖర్చుకు జంకేవారికి రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొల్పిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది.

మగవారికి ఒక మనవి. డాక్టరు ఎదుటి కుర్చీలో మీ ఇంటావిడను కూర్చోబెట్టండి. లెక్క ఆమెకు చెప్పించండి, జవాబు ఆమె నోటనే రానివ్వండి.