మన సెక్షను దాటి చదువుదాం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 34 సంవత్సరాలు ఎకౌంట్సు సెక్షనులో పనిచేశాను. బిల్లులు, వోచర్లు, ఆడిట్ అభ్యంతరాలు, ఇదే నా లోకం. మనలో చాలామందిదీ ఇదే పరిస్థితి. అవతలి విషయం వస్తే "అది మన సెక్షను కాదండీ" అనడం సర్వీసులో అలవాటైపోయింది. రిటైరైన మర్నాటి నుంచి ఆ సెక్షను కూడా మనది కాదు. ఇక మనకు మిగిలేది దాని అవతల నేర్చుకున్నదే.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షను లెక్కగట్టే పద్ధతిని మెరుగుపరచి, ఆ సంవత్సరం మార్చి 31న గాని, ఆ తరువాత గాని రిటైరైన వారికే ఇచ్చింది. ముందు రిటైరైన వారికి లేదు. ఈ తేడా చెల్లదనీ, పెన్షను దయాధర్మం కాదు, హక్కు అనీ కోర్టు చెప్పింది. కోర్టుకు వెళ్లిన డి.ఎస్. నకారా గారు రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా రిటైరైన వారు. ఆయనతో కలిసిన కామన్ కాజ్ సంస్థ స్థాపకులు హెచ్.డి. శౌరి గారూ రిటైరైన అధికారే. వృత్తిరీత్యా ఇద్దరూ ప్లీడర్లు కారు. రాజ్యాంగం 14వ అధికరణం మన సెక్షను కాదులే అని వారు ఊరుకుని ఉంటే, ఈ రోజు మనకు ఈ పండుగే లేదు.

చదువు డబ్బు కోసమే అని నా భావం కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో చరిత్ర మేష్టారు. దగ్గరి కొండల్లోని సవరల భాష నేర్చుకోమని ఆయనకు ఏ పైఅధికారీ మెమో ఇవ్వలేదు. తానే నేర్చుకుని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే ఏర్పాటు చేశారు. ఉద్యోగం వదిలిన చాలా ఏళ్లకు, 1931లో, ఆయన సవర భాషా గ్రంథం మద్రాసులో అచ్చయింది. 1938లో నిఘంటువు వచ్చింది. అప్పటికాయన వయస్సు 70 దాటింది. "ఈ వయస్సులో ఇంకేం చదువులెండి" అనే మిత్రులు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలని మనవి.

ఇక ఇంటి సంగతి. భర్త పోయిన దుఃఖంలో, కుటుంబ పెన్షనుకు ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక మన సంఘం ఆఫీసుకు వచ్చే సోదరీమణులను నేను చూస్తున్నాను. మన ఇల్లాళ్లు పి.పి.ఓ. చదవడం ఇప్పుడే నేర్చుకోవాలి. మనం వంటింటి లెక్కలు, మన మందుల చీటీలు చదవడం నేర్చుకోవాలి. ఎవరు ముందు వెళతారో మన చేతిలో లేదు కదా!

చివరగా ఒక ప్రతిపాదన. ప్రతి నెలా సమావేశంలో ఒక సభ్యుడో, సభ్యురాలో తన వృత్తికి సంబంధం లేని పుస్తకం చదివివచ్చి పది నిమిషాలు చెప్పాలి. వచ్చే నెల వంతు నాది. పక్షుల గురించి చదువుతున్నాను.